నటుడూ, విమర్శకుడూ – మన బళ్ళారి రాఘవ

కవి పోతే కావ్యం మిగులుతుంది. శిల్పి పోతే శిల్పం మిగులుతుంది. తాడిపత్రి వెళ్ళి బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాలు చూడండి. పెన్న ఒడ్డున ఆ రాతిని వెన్న చెక్కినట్టు చెక్కిన మహానుభావుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? అయినా వాళ్ళ పనితనం మన కళ్ళెదుట నిలబడే ఉంది. నటుడి సంగతి అలా కాదు. తెర దిగగానే ఆయన కళ ఆయనతోపాటే లోపలికి వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళు బతికి ఉన్నంతకాలం ఆ జ్ఞాపకం బతుకుతుంది. వాళ్ళూ పోయాక పేరొక్కటే మిగులుతుంది.

అదే తాడిపత్రిలో 1880 ఆగస్టు 2న పుట్టిన ఒక నటుణ్ణి గురించి రాయమని ఈ సంచిక సంపాదక మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట తోచిన ఆలోచన ఇది. ఆయన పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. లోకానికి మాత్రం బళ్ళారి రాఘవ. నేను ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పుకునేవాణ్ణి. విక్టోరియా రాణి కాలం చివరి రోజుల నాటకరంగమూ, ఆ రంగాన్ని చీల్చి చెండాడిన విమర్శకులూ – వీళ్ళను గురించి ఏటేటా క్లాసులో చెబుతూ ఉంటాను. హెన్రీ ఇర్వింగ్, విలియం ఆర్చర్, బెర్నార్డ్ షా అని బోర్డు మీద రాసిన ప్రతిసారీ నా మనసు మాత్రం బళ్ళారి వైపు పోతుంది. లండనులో ఆనాడు జరిగిన పోరాటమే మన కరువు సీమలో ఇంకో రూపంలో జరిగింది. అక్కడ ఆ పోరాటం విమర్శకుల చేతుల్లో జరిగితే, ఇక్కడ ఒక్క నటుడే దాన్ని తన భుజాన వేసుకున్నాడు. ఆ తేడా వల్ల మనం పోగొట్టుకున్నది ఏమిటో చెప్పడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

కరువు నేలలో నాటకం

రాఘవ మన జిల్లావాడా, బళ్ళారివాడా అని ఇప్పటికీ కొందరు వాదించుకుంటూ ఉంటారు. నిజానికి ఆయన పుట్టిననాటికి అనంతపురం జిల్లాయే లేదు. 1882లో బళ్ళారి జిల్లాను రెండుగా చీల్చినప్పుడు మన జిల్లా ఏర్పడింది. అంతకుముందు తాడిపత్రి, ధర్మవరం అన్నీ బళ్ళారి జిల్లా ఊళ్ళే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి పట్టణం మైసూరు వైపు వెళ్ళింది. రాయదుర్గం మన జిల్లాలోకి, ఆదోని, ఆలూరు కర్నూలులోకి వచ్చాయి. 2022లో ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. గీతలు మారుతూనే ఉంటాయి. రాఘవ మటుకు తెలుగువాళ్ళకూ, కన్నడంవాళ్ళకూ ఉమ్మడి ఆస్తి.

ఆయన పుట్టడానికి రెండేళ్ళ ముందు వరకు, 1876 నుంచి 1878 దాకా, ఈ ప్రాంతాన్ని ఘోరమైన కరువు పీడించింది. మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినాయి. అటువంటి నేల మీద పదేళ్ళు తిరక్కుండానే నాటక సమాజాలు పుట్టుకొచ్చాయంటే వింతగా ఉంటుంది. తిండి లేని చోట ఆట ఎందుకని అడిగేవాళ్ళు ఆనాడూ ఉండే ఉంటారు. కానీ బళ్ళారి దండు ఉన్న ఊరు, కోర్టులున్న ఊరు, రైలు వచ్చిన ఊరు. చదువుకున్న గుమాస్తాలూ, ప్లీడర్లూ అక్కడ చేరారు. వాళ్ళకు ఇంగ్లీషు పుస్తకాలు దొరికాయి, షేక్స్పియర్ దొరికాడు. కచేరీ పని ముగిశాక సాయంత్రాలు దొరికాయి.

రాఘవ తండ్రి నరసింహాచార్యులు గారు బళ్ళారిలో తెలుగు పండితులు. తల్లి శేషమ్మ గారు ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి తోబుట్టువు. అంటే ఆంధ్ర నాటక పితామహుడు అని పేరుపొందిన ఆయన రాఘవకు సొంత మేనమామ. ఈ మేనమామ గురించి నాలుగు మాటలు చెప్పకుండా మేనల్లుడి కథ ముందుకు నడవదు.

మేనమామ ఇచ్చిన రంగస్థలం

రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టారు. వృత్తి వకీలు, ప్రవృత్తి నాటకం. ఆయన రాసిన చిత్రనళీయం 1887 జనవరిలో బళ్ళారిలో ప్రదర్శితమైంది. అంతకు ఏడేళ్ళ ముందే, 1880లో, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తెలుగులో తొలి ప్రదర్శన చేయించారు. అది రాఘవ పుట్టిన సంవత్సరమే కావడం విశేషం. తెలుగు నాటక ప్రదర్శనా, రాఘవా ఒక ఈడువాళ్ళన్నమాట.

ఆచార్యుల వారు స్థాపించిన సరస వినోదినీ సభ బళ్ళారికే పరిమితం కాలేదు. 1891లో ఆ సభవారు మద్రాసు వెళ్ళి నాటకాలు ఆడారు. చదువుకున్న పెద్దమనుషులు, ఉద్యోగస్తులు ముఖానికి రంగు పూసుకుని గౌరవంగా నాటకం ఆడటం చూసి, పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడు ఉత్తేజితుడై అదే ఏడు సుగుణ విలాస సభను ప్రారంభించాడు. ఆధునిక తమిళ నాటకానికి ఆయనే పెద్దదిక్కు అయ్యాడు. మన ధర్మవరం మనిషి వెలిగించిన దీపం నుంచి తమిళదేశం తన వత్తిని అంటించుకుందని చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు.

ఆచార్యుల వారు చేసిన మరో సాహసం విషాద సారంగధర. సంస్కృత నాటక సంప్రదాయంలో కథ మంగళాంతం కావాలి. ఆయన ఇంగ్లీషువాళ్ళ ట్రాజెడీ పద్ధతిని పట్టుకుని విషాదాంతం చేశారు. కథను రంగాలుగా విడగొట్టడంలోనూ ఇంగ్లీషు పద్ధతే. అయితే పద్యాలకూ, పాటలకూ రాగాలు కట్టి రంగం మీద పాడించడం కూడా ఆయనే పెంచారు. జనం విరగబడి వచ్చారు. ఈ సంగీతమే తరవాత మేనల్లుడికి పెద్ద తలనొప్పి అయింది!

బళ్ళారిలోనే మరో వకీలు, కోలాచలం శ్రీనివాసరావు గారు. 1854లో పుట్టి 1919లో పోయారు. సుమనోరమ సభ ఆయనది. చరిత్ర నాటకాలు ఆయన ప్రత్యేకత. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ఆయన ఇంగ్లీషులో రాసి 1908లో వెలువరించిన ప్రపంచ నాటక చరిత్ర. మన మెట్టసీమ వకీలు ఒకాయన గ్రీకుల నుంచి చైనావాళ్ళ దాకా లోకంలోని నాటకాలన్నిటినీ ఒక పుస్తకంలోకి తేవాలని పూనుకున్నాడంటే ఆ గుండెధైర్యానికి దండం పెట్టాలి. మన ప్రాంతంలో నాటకాన్ని శాస్త్రంగా, విమర్శదృష్టితో చూసిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. ఈ ఇద్దరు పెద్దల మధ్య పోటీ ఉండేది. ఆ పోటీ నీడలో పెరిగిన కుర్రవాడు రాఘవ.

అదే కాలంలో లండను

ఇప్పుడు ఒక్కసారి సముద్రం దాటి వద్దాం. రాఘవ ఉయ్యాలలో ఉన్న రోజుల్లో లండను రంగస్థలానికి రాజు హెన్రీ ఇర్వింగ్. 1878 నుంచి లైసియం థియేటరు ఆయన చేతిలో ఉంది. 1879లో ఆయన షైలాక్ వేషం కట్టిన వెనిస్ వర్తకుడు దాదాపు 250 రాత్రులు ఆడింది. గొప్ప సెట్టింగులు, దీపాల మాయ, పక్కన ఎలెన్ టెరీ నటన. 1895లో రాణీగారు ఇర్వింగ్‌కు సర్ బిరుదు ఇచ్చారు. నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అంతదాకా నటుడంటే సంఘంలో చిన్నచూపే.

అంతటివాణ్ణి కూడా విమర్శకులు వదల్లేదు. విలియం ఆర్చర్ స్కాట్లండు మనిషి. న్యాయశాస్త్రం చదివి 1883లో బారిష్టరయ్యాడు గాని, కోర్టుకు పోకుండా నాటక విమర్శలోకి వచ్చాడు. నార్వే రచయిత ఇబ్సెన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చినవాడు ఈయనే. 1888లో నటన మీదనే ఒక పుస్తకం రాశాడు. నటుడు ఏడుస్తున్నప్పుడు లోపల నిజంగా ఏడుస్తాడా, లేక చల్లగా ఉండి పైకి మాత్రం ఏడుపు చూపిస్తాడా అన్నది అందులో ప్రశ్న. ఈ సంగతి తేల్చడానికి ఆయన పేరుమోసిన నటీనటులకు ప్రశ్నలు రాసి పంపి జవాబులు తెప్పించుకున్నాడు. ఎంత చక్కటి పని చూడండి!

1889లో ఇబ్సెన్ బొమ్మరిల్లు నాటకం లండనులో ఆడారు. భర్త ఇంటి తలుపు మూసి బయటికి నడిచిన నోరా పాత్ర అక్కడి పెద్దమనుషుల గుండెల్లో రాయి వేసింది. 1891 మార్చిలో ఇబ్సెన్‌దే మరొక నాటకం, ప్రేతాత్మలు అనే అర్థం వచ్చే పేరుతో, ఒక చిన్న సమాజం సభ్యుల కోసమని ప్రైవేటుగా ఆడింది. బహిరంగంగా ఆడాలంటే లార్డ్ చేంబర్లేన్ అనుమతి కావాలి. అది వచ్చే ఆశ లేదు. పాతకాపు విమర్శకుడు క్లెమెంట్ స్కాట్, ఆయన పత్రికా ఆ నాటకాన్ని మురికి కాలువతో పోల్చి తిట్టిపోశారు. ఆర్చర్ ఏం చేశాడనుకున్నారు? పత్రికల్లో వచ్చిన ఆ తిట్లన్నీ ఏరి, వరసగా పేర్చి అచ్చు వేశాడు. తిట్టినవాళ్ళే నవ్వులపాలయ్యారు.

ఇక బెర్నార్డ్ షా. 1895 జనవరి నుంచి 1898 మే దాకా సాటర్డే రివ్యూ పత్రికలో వారం వారం నాటక సమీక్షలు రాశాడు. ఇర్వింగ్ షేక్స్పియర్‌ను ఇష్టం వచ్చినట్టు కత్తిరిస్తున్నాడనీ, అంత శక్తి ఉండి కూడా కొత్త నాటకాలకు తలుపు తియ్యడం లేదనీ మొహమాటం లేకుండా రాశాడు. 1895లో సారా బెర్నార్ట్, ఎలియనోరా డ్యూస్ అనే ఇద్దరు మహానటీమణులు లండనులో ఒకే పాత్రను వేరువేరుగా ఆడారు. షా ఇద్దరినీ పోల్చాడు. బెర్నార్ట్ తన అందాన్ని చూపిస్తుందనీ, డ్యూస్ పాత్రను చూపిస్తుందనీ ఆయన తీర్పు. ఒక ఘట్టంలో డ్యూస్ ముఖం సిగ్గుతో నిజంగా ఎర్రబడటం గమనించి దాన్ని గురించి ప్రత్యేకంగా రాశాడు. ఆ ఎరుపు ఒక్క క్షణం ఉండి పోయింది. నూట ముప్పయి ఏళ్ళ తరవాత అనంతపురంలో మనం దాన్ని గురించి మాట్లాడుకుంటున్నామంటే కారణం ఆ సమీక్షే కదా!

నల్లకోటు, రంగు ముఖం

ఆ సమీక్షలు వెలువడుతున్న రోజుల్లో రాఘవ బళ్ళారిలో పదిహేను, పదహారేళ్ళ కుర్రవాడు. చిన్ననాడే ఆయనకు షేక్స్పియర్ పిచ్చి పట్టింది. బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్బు పెట్టి ఆ నాటకాలు ఇంగ్లీషులోనే ఆడారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, తరవాత 1905లో న్యాయశాస్త్ర పట్టం పుచ్చుకుని బళ్ళారిలో ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసుల్లో దిట్ట అని పేరు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేశారు. ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

పగలు నల్లకోటు, రాత్రి రంగు ముఖం. మేనమామ వకీలే, కోలాచలం వారూ వకీలే, ఈయనా వకీలే. ఇది కాకతాళీయం కాదని నా నమ్మకం. కోర్టు కూడా ఒక రంగస్థలమే. అక్కడ పద్యం పాడితే జడ్జీ ఒప్పుకోడు. మామూలు మాటతో, గొంతు హెచ్చుతగ్గులతో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి ఎదుటివాడి మనసు మార్చాలి. సాక్షి అబద్ధం చెబుతున్నప్పుడు వాడి కన్ను ఎటు తిరుగుతుందో, వేళ్ళు ఏం చేస్తాయో దినమూ చూసే మనిషికి నటనలో అబద్ధం ఇట్టే దొరికిపోతుంది. రాఘవ నటనలోని సహజత్వానికి సగం బడి కోర్టు హాలే అయివుంటుంది.

బతుకుతెరువు వకీలు వృత్తి ఇచ్చింది కాబట్టి నాటకం మీద ఆయన సంపాదించాల్సిన అవసరం రాలేదు. ఇంకా చేతి సొమ్మే ఖర్చు పెట్టారు. బెంగుళూరులో అమెచ్యూర్ డ్రమటిక్ అసోసియేషన్‌తో కలిసి పనిచేశారు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, హిందీ – నాలుగు భాషల్లోనూ వేషం కట్టారు. హామ్లెట్, ఒథెల్లో, షైలాక్, మాక్బెత్ ఒక పక్క; హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, పఠాన్ రుస్తుం ఇంకో పక్క. రవీంద్రనాథ టాగూరు ఆయన నటన చూసి మెచ్చుకున్నారు. కబీరు జీవితం మీద ఆడిన దీనబంధు కబీర్ చూసి గాంధీ మహాత్ముడు ఆనందించారు.

పద్యం మీద తిరుగుబాటు

ఆనాటి తెలుగు నాటకం ఎలా ఉండేదో పెద్దలు చెప్పగా మీరూ వినే ఉంటారు. హార్మోనియం శ్రుతి, ఒక్కొక్క పద్యానికి పది నిమిషాల రాగాలాపన, జనం వన్స్‌మోర్ అంటే చచ్చి పడి ఉన్న పాత్ర కూడా లేచి మళ్ళీ పద్యం పాడి మళ్ళీ చావడం. ఇందులో జనానికి ఆనందం లేదని నేను అనను. పద్యం మన సొత్తు, దానికి దాని అందం ఉంది. కానీ పాత్ర ఏమయింది? కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న తల్లికి రాగం తీసే ఓపిక ఎక్కడిది?

రాఘవ పోరాడింది సరిగ్గా ఇక్కడే. నాటకానికి మాట ప్రధానం, భావం ప్రధానం, పాట కాదని ఆయన గట్టిగా చెప్పారు. చెప్పడమే కాదు, రంగం మీద చేసి చూపించారు. పద్యం వచ్చినా దాన్ని మాటలాగా అర్థం తెలిసేటట్టు పలికేవారు. మేనమామ రంగస్థలానికి తెచ్చిపెట్టిన సంగీతాన్ని మేనల్లుడు తగ్గించాడంటే, అది కృతఘ్నత కాదు. ఇర్వింగ్ కట్టిన గుడిలో షా గంట కొట్టలేదూ, తలుపు కొట్టాడు. రాఘవ కూడా మేనమామ కట్టిన ఇంట్లోనే ఉండి కిటికీలు తెరిచారు.

ఇక్కడొక చిక్కు ఉంది. లండనులో ఈ పని ఇద్దరు మనుషులు చేశారు – ఆడేవాడొకడు, ఆడినదాన్ని తూచేవాడొకడు. మనకు ఆ రెండోవాడు కరువయ్యాడు. రాఘవే ఆడాలి, రాఘవే ఉపన్యాసాలిచ్చి నాటకం అంటే ఇదీ అని చెప్పాలి. తన కళను తానే తూచుకోవడం ఎంతటివాడికైనా కష్టం.

నిషేధమూ, స్త్రీ పాత్రా

ఇంగ్లండులో లార్డ్ చేంబర్లేన్ ఉంటే మన దేశంలో 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం ఉండేది. షా 1893లో రాసిన మిసెస్ వారెన్ వృత్తి నాటకానికి అక్కడ అనుమతి దొరక్క 1902లో గాని ఆడలేదు, అదీ ప్రైవేటుగా. కోలాచలం వారి విజయనగర పతనం నాటకానికి ఇక్కడ నిషేధం ఎదురైంది. హిందూ ముస్లింల మధ్య ద్వేషం రేగుతుందని దొరల భయం. అదే నాటకంలో రాఘవ వేసిన వేషం పఠాన్ రుస్తుం. ఆంధ్రదేశమంతటా ఆయనకు పేరు తెచ్చిన పాత్రల్లో అది ముఖ్యమైనది. సంప్రదాయ శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టిన వకీలు పఠాను వేషం కట్టి జనం గుండెల్లో చోటు సంపాదించాడంటే, ద్వేషం సంగతేమో గాని, నటన మనుషుల్ని దగ్గర చేస్తుందనడానికి ఇంతకన్న రుజువేం కావాలి?

స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలన్నది ఆయన రెండో పట్టుదల. మగవాళ్ళు ఆడవేషం కట్టే కళలో స్థానం నరసింహారావు గారి వంటి మహానటుడు ఉన్న రోజులవి. సురభివారి వంటి కుటుంబ నాటక సమాజాల్లో స్త్రీలు నటించేవారు. కాని గౌరవనీయులమనుకునే ఇళ్ళ ఆడపిల్ల రంగం ఎక్కితే ఊరంతా చెవులు కొరుక్కునే కాలం అది. రాఘవ విద్యావంతులైన స్త్రీలను ప్రోత్సహించి తన సరసన నటింపజేశారు. కొమ్మూరి పద్మావతీదేవి గారు అలా వచ్చినవారే. ఆ తరవాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నారు గారు రాసిన తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని 1930 ప్రాంతంలో రాఘవ రంగం మీదికి తెచ్చారు. భార్యాభర్తల మధ్య తప్పు ఎవరిదని సూటిగా అడిగే నాటకం అది. నలభై ఏళ్ళ క్రితం లండనులో నోరా మూసిన తలుపు చప్పుడు చివరికి మన తెలుగు రంగం మీద వినిపించిందన్నమాట. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పుడు దాని వెనుక నిలిచిన పెద్దల్లో రాఘవ ఒకరు.

షా ఎదుట రాఘవ

1920ల చివర రాఘవ ఐరోపా యాత్ర చేశారు. ఇంగ్లండులో నాటకాలు చూశారు, నటులతో మాట్లాడారు, తానూ నటించి చూపించారు. అక్కడ ఆయన కలుసుకున్నవారిలో బెర్నార్డ్ షా ఒకరు. అప్పటికి షా డెబ్భై దాటినవాడు. 1925వ సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్న జగత్ప్రసిద్ధ రచయిత. విమర్శ రాయడం మానేసి ముప్పయ్యేళ్ళయింది.

ఈ కలయిక గురించి రకరకాల కథలు ప్రచారంలో ఉన్నాయి. షా ఇలా పొగిడాడు, అలా పొగిడాడు అని మనవాళ్ళు ఎంతో ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఒక్కటే విచారం. ఆ పొగడ్త కాదు మనకు కావలసింది. ఆ సాటర్డే రివ్యూ రోజుల్లో షా రాఘవ షైలాక్‌ను చూసి, ఇంటికి వెళ్ళి, దీపం పెట్టుకుని, ఏ సన్నివేశంలో ఎలా నిలబడ్డాడో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాడో, ఎక్కడ తప్పాడో, ఎక్కడ ఇర్వింగ్‌ను మించాడో ఒక రెండు పేజీలు రాసి ఉంటే! డ్యూస్ బుగ్గల ఎరుపు మిగిలినట్టు రాఘవ కంటిచూపు మిగిలేది.

సినిమా, చివరి రోజులు

సినిమా మిగిల్చలేదా అని మీరు అడగవచ్చు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో ఆయన దుర్యోధనుడు. అదే కథతో అదే ఏడు పోటీగా వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణం గెలిచి, రాఘవ చిత్రం ఓడిపోయింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డలో రైతు వేషం వేశారు. జమీందార్లకు కోపం వచ్చింది, కొన్ని చోట్ల ఆ చిత్రం నిషేధానికి గురైంది. ప్రభుత్వం ఇచ్చిన రావు బహదూర్ బిరుదు ఉన్న మనిషి, అరవై ఏళ్ళ వయసులో, రైతు పక్షాన నిలిచే చిత్రంలో నటించడం చిన్న విషయం కాదు. 1940లో చండికలో కనిపించారు. ఆ తరవాత ఆయన మనసు సినిమాలో నిలవలేదు. ఎదురుగా జనం లేకుండా, ముక్కలు ముక్కలుగా నటించడం రంగస్థల నటుడికి నీళ్ళు లేని బావిలో బొక్కెన వెయ్యడం లాంటిది. ఆ చిత్రాల్లో కనబడేది వృద్ధుడైన రాఘవ నీడ. ఆంధ్రదేశాన్ని ఊపిన రాఘవ కాదు.

1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా పదహారు నెలలుంది. ఆయన పేరున బళ్ళారిలో రాఘవ కళామందిరం వెలిసింది. 1981లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. బందా కనకలింగేశ్వరరావు గారి వంటి నటులు ఆయన అడుగుజాడల్లో నడిచారు.

మనం పోగొట్టుకున్నది

మిత్రులారా, ఇర్వింగ్ 1905లో పోయాడు. ఆయన షైలాక్ ఎలా నడిచేవాడో, ఏ మాటను ఎలా విరిచేవాడో ఇవాళ ఏ లైబ్రరీలోనైనా చదువుకోవచ్చు. ఆయన్ని పొగిడిన స్కాట్ రాతలూ ఉన్నాయి, ఏకిపెట్టిన షా రాతలూ ఉన్నాయి. తిట్టు కూడా ఇర్వింగ్‌ను బతికించింది. రాఘవ ఆయన తరవాత నలభై ఏళ్ళు బతికారు. మనకు మిగిలినవి సన్మాన పత్రాలు, బిరుదులు, మహానటుడు, నటశేఖరుడు అనే విశేషణాలు. వాటిలో రాఘవ ఎక్కడున్నారు? విశేషణం పూలదండ లాంటిది. మెడలో వేస్తే ముఖమే కనిపించకుండా పోతుంది.

మనది కరువు సీమ. ఇక్కడ వాన ఎప్పుడో గాని రాదు. వస్తే ఒక్క రాత్రిలో వచ్చి, పెన్నలో పడి, సముద్రానికి పోతుంది. అందుకే పెద్దలు చెరువులు తవ్వించారు. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు అలా నిలిచినవే. రాఘవ వంటి నటుడు ఎప్పుడో గాని కురవని వాన. ఆ వానను పట్టి నిలపాల్సిన చెరువు నాటక విమర్శ. ఆ చెరువు కట్ట మనవాళ్ళు వెయ్యలేదు. కోలాచలం వారు ప్రపంచ నాటక చరిత్ర రాశారు గాని, ఎదుట ఆడుతున్న మనిషిని రాత్రి చూసి తెల్లారి రాసే విమర్శకుల వరస మన సీమలో పుట్టలేదు.

ఇది గతం గురించి ఏడవడానికి రాయడం లేదు. మన కాలేజీ డే రోజున నాటిక ఆడతాం. చప్పట్లు కొడతాం, షీల్డు ఇస్తాం, ఫోటో దిగుతాం. మర్నాడు దాన్ని గురించి నిజాయితీగా ఒక్క పేజీ రాసేవాడు ఉంటాడా? మా క్లాసులో ఒకసారి ఈ పని పెట్టి చూశాను. చూసిన నాటిక మీద ఒక పేజీ రాసుకు రమ్మంటే, ముప్పావు మంది బ్రహ్మాండం అని రాసుకొచ్చారు. ఒక్క అమ్మాయి మాత్రం, తండ్రి వేషం వేసిన అబ్బాయి కోపం వచ్చిన ప్రతిసారీ కుడి చెయ్యే ఎత్తాడనీ, కూతురు ఉత్తరం చదివే చోట మాత్రం చెయ్యి ఎత్తకుండా కుర్చీ అంచు పట్టుకున్నాడనీ, నాటికలో నిజమైన కోపం అక్కడే ఉందనీ రాసింది. వేషం వేసిన కుర్రవాడు మొదట మొహం ముడుచుకున్నాడు. తరవాత ఆ కాగితం అడిగి తీసుకెళ్ళి దాచుకున్నాడు. ఆ నాటికలో ఇంకేమీ నాకు గుర్తులేదు, ఆ కుర్చీ అంచు మాత్రం గుర్తుంది.

నటించేవాళ్ళు నటించండి. రాఘవ మన నేల మీద పుట్టినవాడే, మీలోనూ ఆ మన్నే ఉంది. ఆడపిల్లలు రంగం ఎక్కేందుకు జంకితే, దాదాపు వందేళ్ళ క్రితమే ఆయన మీకోసం దారి వేసిపెట్టాడని గుర్తు చేసుకోండి. నటించని వాళ్ళు చూడండి, చూసింది చూసినట్టు రాయండి. స్నేహితుడని పొగడకండి, గిట్టనివాడని తెగడకండి. చెయ్యి ఎక్కడ ఎత్తాడో, గొంతు ఎక్కడ వణికిందో, ఎక్కడ మీకు ఆవులింత వచ్చిందో అది రాయండి. వచ్చే సంచికలో అటువంటి సమీక్ష ఒక్కటి అచ్చయితే, రాఘవ స్మృతికి మనం సమర్పించే పూలదండల కంటే అది మేలైన నివాళి.